నాలుగు మూలల పసుపు

తిరువూరు బజారులో కోదండరామయ్య కొట్టుకు రెండు గుమ్మాలు. ఒక గుమ్మంలోంచి బెల్లం దిమ్మలు, చింతపండు బుట్టలు, ఎండుమిరపకాయల బస్తాలు లోపలికి వస్తాయి. రెండో గుమ్మంలోంచి బయటికి పోతాయి. మధ్యలో పరుపు మీద కూర్చుని, వచ్చిందీ పోయిందీ రాయడం కోదండరామయ్య పని. ముప్పై ఏళ్లుగా రాస్తూనే ఉన్నాడు. అతని ఒక్కగానొక్క కొడుకు సీతారామాంజనేయులుకు మాత్రం ఆ రాతపని మీద మనసు లేదు. అలా రాసినదంతా ఇంకొకాయన వచ్చి, కళ్లజోడు సర్దుకుని చూసి, సరిగ్గానే ఉందని సంతకం పెడతాడే, ఆ ఇంకొకాయన తనే కావాలని అతని పట్టుదల.

అంటే ఆడిటరు కావాలన్నమాట. బి.కాం. పాసయ్యాడు. బెజవాడలో సుందరరామయ్యగారనే ఆడిటరు దగ్గర ఏళ్ల తరబడి ఆర్టికల్స్ చేశాడు. ఆర్టికల్స్ అంటే ఆడిటరు వెనకాల తిరిగి పని నేర్చుకోవడం. జీతం ఉండదు సరిగదా, ఎదురు మనమే కట్టాలి. నడిమి పరీక్ష గట్టెక్కాడు. మిగిలిందల్లా ఫైనలు. ఆ ఫైనలు రెండుసార్లు తప్పాడు. మొదటిసారి మూడు మార్కుల్లో పోయింది, రెండోసారి రెండు మార్కుల్లో. "ఫర్వాలేదులే, విడతకో మార్కు చొప్పున దగ్గరపడుతున్నాడు" అని బజారులోవాళ్లు లెక్కకట్టి మరీ ఓదార్చారు. బజారు ఓదార్పులు ఎప్పుడూ అలాగే ఏడుస్తాయి.

రెండోసారి తప్పిన రోజున కోదండరామయ్య కొడుకుని పక్కన కూర్చోబెట్టుకున్నాడు.

"చూడు నాయనా, ఇంకొక్కసారి రాయి. వచ్చిందా, నువ్వు ఆడిటరువి. నీ వెనకాల సంచీ పట్టుకుని నేనే వస్తాను. రాలేదా, ఈ పరుపు మీదకి రా. నాకూ మోకాళ్లు పట్టేస్తున్నాయి. ఆపైన మళ్లీ మద్రాసు పరీక్ష మాట ఎత్తకూడదు."

ఆంజనేయులు సరేనన్నాడు. తండ్రి మాటలో అన్యాయం ఏమీ లేదు. కానీ లోపల ప్రాణం ఉసూరుమంది.

ఎందుకంటే ఈ చదువు అతనికి గొప్ప కోసం పుట్టిన కోరిక కాదు. పదహారేళ్లప్పుడు జరిగిన ఒక సంగతి వల్ల పుట్టింది. ఏటా వేసవిలో అమ్మకపుపన్ను ఆఫీసరు తిరువూరు వచ్చి, ట్రావెలర్స్ బంగళాలో మకాం వేసి, వర్తకుల లెక్కలు చూస్తాడు. ఆ ఏడు తండ్రితోపాటు ఆంజనేయులు కూడా పుస్తకాలు మోసుకుంటూ వెళ్లాడు. పది గంటలకు వెళితే ఒంటిగంట దాకా వాళ్లని ఎవరూ పలకరించలేదు. కోదండరామయ్య వరండాలో నిలబడే ఉన్నాడు. చివరికి లోపలి గుమాస్తా పిలిచి, పై పుస్తకం తీసుకుని, అట్ట చూసి ఆగాడు.

అట్టకు నాలుగు మూలలా పసుపు ఉంది. వాళ్లింట్లో అది తరాలనాటి ఆనవాయితీ. కొత్త పుస్తకం ఏది కొన్నా, మొదటి అక్షరం పడకముందే నాలుగు మూలలా పసుపు పెట్టాలి. అది రోజువారీ చిట్టా కావచ్చు, ఖాతాల ఆవర్జా కావచ్చు, పిల్లవాడి ఎక్కాల పుస్తకం కావచ్చు. పెట్టేది కోదండరామయ్య తల్లి కనకమ్మ. ఉంగరం వేలితో ముంచి, ఒకదాని తర్వాత ఒకటి, నాలుగు మూలలూ చకచకా తిప్పేసేది. ఆంజనేయులుకు అయిదో ఏడు రాగానే ఆ పని అతని వేలికి అప్పగించింది. "నీ చేత్తో నువ్వే పెట్టుకో నాయనా, అప్పుడు లెక్క నీ మాట వింటుంది" అనేది.

ఆ గుమాస్తా పుస్తకాన్ని నలుగురికీ కనబడేలా పైకెత్తి పట్టుకున్నాడు.

"ఏవయ్యా, ఇవి లెక్కల పుస్తకాలా, పెళ్లి శుభలేఖలా?"

వరండాలో ఉన్నవాళ్లంతా గొల్లున నవ్వారు. వాళ్లతోపాటు కోదండరామయ్య కూడా నవ్వాడు. తండ్రి అలా నవ్వడం చూడలేక ఆంజనేయులు తల దించుకున్నాడు. సరిగ్గా అప్పుడే ఒక రైసుమిల్లు తరఫున బెజవాడ నుంచి సుందరరామయ్యగారు వచ్చారు. గుమాస్తా లేచి కుర్చీ వేశాడు. ఆయన కూర్చున్నారు, పావుగంట మాట్లాడారు, లేచి వెళ్లిపోయారు. కోదండరామయ్య మాత్రం ఇంకో గంట నిలబడ్డాడు. లెక్కలో తప్పు లేదు. తప్పు లేదని వాళ్ల భాషలో చెప్పే మనిషి లేడు, అంతే. ఆ కుర్చీలో తన తండ్రిని కూర్చోబెట్టాలని ఆంజనేయులు ఆ రోజే అనుకున్నాడు.

అదీ కథకు ముందు కథ. ఇక మూడోసారి పరీక్ష సంగతికి వద్దాం.

అది యాభై అయిదో సంవత్సరం నవంబరు నెల. ప్రయాణానికి ముందురోజు కనకమ్మ దగ్గర్లోని నెమలి అనే ఊరు వెళ్లి, వేణుగోపాలస్వామి పాదాల దగ్గర పెట్టించిన పసుపు పొట్లం తెచ్చి మనవడి చొక్కా జేబులో వేసింది.

"స్నానానికి తప్ప దీన్ని ఒంటి మీద నుంచి తియ్యకు. రెండుసార్లు ఇది లేకే పోయింది."

"మార్కులు లేక పోయింది నాయనమ్మా."

"ఏదో ఒకటి లేకేగా. పెట్టుకో."

ఆంజనేయులు భార్య కన్యకాపరమేశ్వరి తలుపు చాటునుంచి కిసుక్కున నవ్వింది. విస్సన్నపేట పిల్ల, కాపురానికొచ్చి ఏడాది. నవ్వు ఆపుకోవడం ఆమెకు ఇంకా అలవాటు కాలేదు.

మద్రాసులో ఒకటే వాన. పేపర్లన్నీ ఒకదాని వెంట ఒకటి బాగానే అయ్యాయి. మిగిలింది ఆడిటింగు ఒక్కటే. అది అతనికి కొట్టిన పిండి. ఆ రోజు బస్సు దిగి పరీక్ష హాలుకు పరుగెత్తేసరికి చొక్కా తడిసింది, జేబులో పొట్లమూ తడిసింది. తన చోటు వెతుక్కుని కూర్చుని తల తుడుచుకున్నాడు. ఇన్విజిలేటరు జవాబు పుస్తకం తెచ్చి ముందు పెట్టి వెళ్లాడు.

తెల్లటి కొత్త పుస్తకం. కాగితం వాసన గుప్పున కొట్టింది. అయిదోయేట నుంచి ఆ వాసన తగిలితే చెయ్యి ఏం చేసేదో ఇప్పుడూ అదే చేసింది. ఉంగరం వేలు జేబులోకి వెళ్లింది. వాన నీళ్లకు పసుపు కనకమ్మ కలిపినంత చక్కగా కలిసి ఉంది. ఒక మూల, రెండో మూల, మూడో మూల, నాలుగో మూల. పెట్టేశాక ఆంజనేయులుకు హాయిగా అనిపించింది. ఇక లెక్క తన మాట వింటుంది అనుకున్నాడు.

అప్పుడు అట్ట మీద అచ్చువేసిన సూచనలు కనబడ్డాయి. మూడో సూచన ఇది: నంబరు తప్ప, అభ్యర్థి ఎవరో గుర్తుపట్టడానికి వీలయ్యే గుర్తు ఏదీ పుస్తకం మీద ఉండకూడదు, ఉంటే ఆ పరీక్ష రద్దు.

చేతిరుమాలు తీసి ఒక మూల రుద్దాడు. వేలిముద్దరంత ఉన్న పసుపు రూపాయి బిళ్లంత అయింది. చేతిరుమాలు పచ్చబడింది, చెయ్యి పచ్చబడింది. లేచి చెబుదామంటే అక్కడికక్కడ బయటికి పంపేస్తారేమోనన్న భయం. చెప్పకుండా ఉందామంటే అట్ట దానంతటదే చెప్పేలా ఉంది. మోచేతులు రెండూ పైమూలల మీద ఆన్చి ప్రశ్నపత్రం తెరిచాడు. మొదటి ప్రశ్న చూసి ఏడవాలో నవ్వాలో తెలియలేదు. ఖాతాల్లో తప్పు కనబడినప్పుడు ఆడిటరు కర్తవ్యం ఏమిటో వివరించమని అడిగారు. కనబడిన తప్పును దాచకూడదని, ఎవరికి చెప్పాలో వాళ్లకి రాతపూర్వకంగా చెప్పాలని నాలుగు పేజీలు వివరించాడు.

తిరుగు ప్రయాణంలో బెజవాడలో దిగి సుందరరామయ్యగారికి జరిగిందంతా చెప్పబోయాడు. ఆయన సగంలోనే చెయ్యి అడ్డం పెట్టారు.

"ఆగవయ్యా. నువ్వు చెప్పలేదు, నేను వినలేదు."

"అది కాదండీ, పసుపు..."

"నాకు ఈమధ్య చెవుడు. డాక్టరు కూడా చెప్పాడు. వాళ్లకి కనబడితే వాళ్లే అడుగుతారు. ఊరికెళ్లి పడుకో."

ఊరికెళ్లాడు గానీ పడుకోలేకపోయాడు. ఇంట్లో వాళ్లంతా పండగలా ఉన్నారు. కనకమ్మ వీధి గుమ్మంలోనే పట్టుకుంది.

"పసుపు పనిచేసిందా?"

"చేసింది నాయనమ్మా" అన్నాడు. అబద్ధం కాదు గదా అనుకున్నాడు.

మర్నాడు విస్తట్లో పులిహోర వడ్డించారు. ఆంజనేయులు దాన్ని చూసి ముఖం పక్కకి తిప్పుకున్నాడు. పులిహోర అంటే అతనికి ప్రాణం. మిగతావాళ్లు ప్రయాణపు బడలిక అనుకున్నారు. పరమేశ్వరి మాత్రం అనుకోలేదు. మధ్యాహ్నం అందరూ నడుం వాల్చాక మజ్జిగ గ్లాసు తెచ్చి ముందు పెట్టి నిలబడింది.

"ఏంటండీ? పేపరు పోయిందా?"

"లేదు, బాగా రాశాను."

"మరి పులిహోర ఏం పాపం చేసింది?"

చెప్పక తప్పలేదు. చెప్పాడు. పరమేశ్వరి కొంగు నోట్లో కుక్కుకుని, గోడకి ఆనుకుని, కళ్లలో నీళ్లు తిరిగేదాకా నవ్వింది. ఆంజనేయులుకు ఒళ్లు మండిపోయింది. నవ్వి నవ్వి, కళ్లు తుడుచుకుని ఎదురుగా కూర్చుంది.

"ఇప్పుడు ఏం చేద్దామని?"

"ఏం చెయ్యడానికుంది? ఊరుకోవడమే. సుందరరామయ్యగారు కూడా ఊరుకోమన్నారు."

"మనమే ఉత్తరం రాసి చెప్పేస్తే?"

"రాస్తే పోతుంది."

"రాయకపోతే?"

"పోకపోవచ్చు."

పరమేశ్వరి కాసేపు ఆలోచించింది. ఎనిమిదో తరగతితో చదువు ఆపించారు గానీ, ఆలోచించడం ఆపించలేకపోయారు.

"నాకు మీ పరీక్షలు తెలీవు. ఒక్కటి అడుగుతాను, కోప్పడకండి. రేపు మీరు ఆడిటరు అయ్యాక ఎవరిదో కొట్టుకెళతారు. అక్కడ దిద్దుబాటు ఒకటి కనబడుతుంది. అయ్యా, ఇదేంటి, దీన్ని ఎందుకు దాచారు అని అడుగుతారు గదా. అప్పుడు మీకు ఈ పసుపు గుర్తురాదూ?"

ఆంజనేయులు మజ్జిగ తాగకుండా లేచి వెళ్లిపోయాడు. కోపం వచ్చింది, నిజమే. పెళ్లాం చెప్పిన మాట సరైనదైతే వచ్చే కోపం అది. రెండు రోజులు ఆమెతో సరిగ్గా మాట్లాడలేదు. మూడో రోజు పొద్దున్నే కాగితం తీసుకుని, పరీక్షలు జరిపే ఢిల్లీ ఆఫీసుకి ఇంగ్లీషులో ఉత్తరం రాశాడు. ఫలానా నంబరు అభ్యర్థిని, ఫలానా రోజున ఆడిటింగు జవాబు పుస్తకానికి మా ఇంటి ఆనవాయితీ ప్రకారం అలవాటున నాలుగు మూలలా పసుపు పెట్టాను, ఎవరికీ ఏ సంకేతమూ ఇవ్వాలని కాదు, అయినా నిబంధనకు విరుద్ధం కాబట్టి తెలియజేసుకుంటున్నాను అని రాసి, సంతకం పెట్టి, పోస్టాఫీసుకు తీసుకెళ్లాడు. పోస్టుమాను ఏసోబు అక్కడే సంచీ కట్టుకుంటున్నాడు. ఢిల్లీ అడ్రసు చూసి ముఖం వికసించింది.

"ఉజ్జోగానికా బాబూ?"

"ఉద్యోగానికో, కొట్టుకో తెలీదు ఏసోబూ. వెయ్యి."

ఏసోబు ఆ ఉత్తరం సంచీలో వేశాడు. ఆ రాత్రి ఆంజనేయులు పులిహోర అడిగి మరీ చేయించుకుని తిన్నాడు.

జనవరి చివర్లో ఫలితాలు వచ్చాయి. మద్రాసు ఇంగ్లీషు పేపరు మైలవరం మీదుగా వచ్చే బస్సులో మర్నాటికి గానీ తిరువూరు చేరదు. బస్సు దగ్గరే పేపరు కొని, అక్కడే నిలబడి నంబర్లు చూశాడు. తన నంబరు లేదు. ముందుదీ ఉంది, వెనకదీ ఉంది. మూడుసార్లు చూశాడు. మడతపెట్టి ఇంటికి వచ్చాడు.

అతని ముఖం చూసి అందరికీ తెలిసిపోయింది. కనకమ్మ ఒక్కతే ఊరుకోలేకపోయింది. గ్రహాల్ని తిట్టింది, మద్రాసుని తిట్టింది, పేపర్లు దిద్దినవాళ్ల కళ్లని తిట్టింది. ఆమె అలా తిట్టుకుంటూ పోతుంటే ఆంజనేయులు ఉండబట్టలేక నిజం చెప్పేశాడు. పసుపు సంగతీ చెప్పాడు, తనే ఉత్తరం రాసిన సంగతీ చెప్పాడు.

కోదండరామయ్య కొడుకు వైపు తిరిగాడు.

"నువ్వు రాయకపోతే వాళ్లకి తెలిసేదా?"

"నా పేరు తెలిసేది కాదు నాన్నా."

"చేజేతులా పోగొట్టుకున్నావన్నమాట."

"అవును."

కోదండరామయ్య లేచి పైకండువా దులుపుకున్నాడు. కోపంగా ఉంది అతనికి. కానీ ఆ కోపం వెనకాల ఇంకేదో ఉంది, అదేమిటో అతనికే అంతుపట్టలేదు. గుమ్మం దాకా వెళ్లి వెనక్కి తిరిగాడు.

"రేపట్నుంచి కొట్లో కూర్చో. కూర్చో గానీ, తల దించుకుని కూర్చోకు. దించుకోవాల్సిన పని నువ్వు చెయ్యలేదు."

కనకమ్మ మాత్రం గ్రహాల మీద నుంచి కోపం తన మీదకే తిప్పుకుంది. ఆ పొట్లం జేబులో వేసింది తనే. ఆ అలవాటు వేలికి నేర్పింది తనే. శుక్రవారం వచ్చింది, గడపకు పసుపు రాయలేదు. పరమేశ్వరి గిన్నెలో కలిపి తెచ్చి ముందు పెట్టినా ముట్టుకోలేదు.

"నువ్వు రాయవే. నా చెయ్యి మంచిది కాదు" అంది.

ఆ మాట వినగానే ఆంజనేయులుకు దుఃఖం ముంచుకొచ్చింది. పరీక్ష పోయినందుకు ఏడవనివాడు నాయనమ్మ మాటకు పెరట్లోకి పోయి కళ్లు తుడుచుకున్నాడు.

కొట్లో కూర్చోవడం అనుకున్నంత కష్టంగా లేదు, అనుకున్నంత తేలిగ్గానూ లేదు. రెండో రోజే తండ్రి ఆవర్జాలో కిందటి ఆశ్వయుజం నాటి కూడిక తప్పు పట్టుకున్నాడు. కోదండరామయ్య ముక్కు మీది కళ్లజోడు పైకి తోసి చూశాడు.

"నాలుగు అణాలేగా."

"నాలుగు అణాలైనా తప్పు తప్పే గదా నాన్నా."

"నిన్ను కొట్లో పెట్టుకోవడం నా వల్ల కాదురా బాబూ" అన్నాడు కోదండరామయ్య, తప్పు దిద్దుకుంటూ.

అయిదో రోజున, సోమవారం మధ్యాహ్నం, ఏసోబు సైకిలు దిగి కొట్టు మెట్లెక్కాడు.

"రిజిస్ట్రీ బాబూ. ఢిల్లీది. సంతకం పెట్టాల."

ఆంజనేయులు సంతకం పెట్టాడు గానీ కవరు చించలేదు. ఏసోబు కూడా కదల్లేదు. ఆ ఉత్తరం తీసుకెళ్లిందీ తనే, జవాబు తెచ్చిందీ తనే, అందులో ఏముందో తెలుసుకోకుండా వెళ్లే ఉద్దేశం అతనికి లేదు. కోదండరామయ్య కవరు లాక్కుని, దాన్నీ కొడుకునీ వెంటబెట్టుకుని ఇంట్లోకి నడిచాడు. ఇల్లు కొట్టు వెనకాలే. ఏసోబు కూడా వచ్చాడు. కనకమ్మ వసారాలో మంచం మీద గోడవైపు తిరిగి పడుకుని ఉంది.

"చదవరా. నాయనమ్మకి వినబడేలా చదువు."

ఆంజనేయులు కవరు చించి, ఇంగ్లీషు చూస్తూ తెలుగులో చెప్పడం మొదలుపెట్టాడు.

"మీ ఉత్తరం అందింది. ఆ కారణంగా మీ ఫలితం పేపరుకి ఇవ్వకుండా ఆపి, కమిటీ ముందు పెట్టాం. మీ జవాబు పుస్తకం నాలుగు మూలలా పసుపు ఉన్నమాట నిజమే."

కనకమ్మ మూలిగింది. ఆంజనేయులు తర్వాతి వాక్యం ఒకసారి లోపల చదువుకుని ఆగిపోయాడు. మళ్లీ చదివాడు.

"ఏముందిరా?" అన్నాడు కోదండరామయ్య.

"అయితే, మద్రాసు నుంచి వచ్చిన అదే పేపరు కట్టలో ఇంకో పదకొండు పుస్తకాలకు కూడా నాలుగు మూలలా పసుపు ఉంది."

కనకమ్మ గోడవైపు నుంచి ఇటు తిరిగింది.

"పన్నెండు పుస్తకాలకూ ఒకే గుర్తు ఉంటే, ఆ గుర్తుతో ఎవరినీ గుర్తుపట్టడం కుదరదని కమిటీ అభిప్రాయపడింది. మిమ్మల్ని గుర్తుపట్టడానికి పనికొచ్చింది మీరు రాసిన ఉత్తరం ఒక్కటే."

పరమేశ్వరి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"ఆ ఉత్తరం మాకు చేరేసరికి మార్కులు వెయ్యడం అయిపోయింది. కాబట్టి దాని వల్ల దోషం లేదు. పన్నెండుమందిలో తమంతట తాము రాసి చెప్పింది మీరొక్కరే అన్న సంగతి కమిటీ గమనించింది. ఇకముందు జవాబు పుస్తకాలకు పసుపు పెట్టకూడదని మిమ్మల్ని హెచ్చరిస్తున్నాం. మీరు ఫైనలు పరీక్షలో..."

ఆపైన చదవలేకపోయాడు. కాగితం తండ్రికిచ్చాడు. కోదండరామయ్యకు ఇంగ్లీషు రాదు. తిరగేసి చూసి పరమేశ్వరికిచ్చాడు. ఆమె కూడబలుక్కుని, వేలు పెట్టి చూపించి గట్టిగా అరిచింది.

"పాస్! పాసండీ మామయ్యగారూ!"

ఏసోబు చప్పట్లు కొట్టాడు. కోదండరామయ్య కొడుకు భుజం పట్టుకుని ఊపేశాడు, "నాలుగు అణాలు... నాలుగు అణాలు..." అని మాత్రం అన్నాడు. కనకమ్మ మంచం దిగి కొంగు బిగించింది.

"పదకొండు మందా! వాళ్ల నాయనమ్మలు చల్లగా ఉండాలి. అయినా ఇకముందు పెట్టొద్దంటారేంటి, పాసయ్యాక మళ్లీ ఎవడు రాస్తాడు?" అంటూ వంటింట్లోకి వెళ్లి, సోమవారమని కూడా చూడకుండా పసుపు కలుపుకొచ్చి, వీధి గడపా పెరటి గడపా కొట్టు గడపలు రెండూ పూసేసింది. ఏసోబు బయటికి వెళుతూ కాలు ఎత్తి దాటాల్సి వచ్చింది.

వేసవికల్లా సర్టిఫికెట్టు వచ్చింది, కోదండరామయ్య కొట్టు పక్కగదికి బోర్డూ కట్టారు. అదే వేసవిలో ట్రావెలర్స్ బంగళాకు పన్ను ఆఫీసరు కూడా వచ్చాడు. తన లెక్కలు చూపించాల్సిన రోజున కోదండరామయ్య పుస్తకాలు కట్టి గుమ్మంలో పెట్టాడు. ఆంజనేయులు కట్ట విప్పి చూశాడు. ఆ ఏటి పుస్తకాల అట్టలకు ఎక్కడా పసుపు లేదు.

"ఇదేంటి నాన్నా?"

"నువ్వు ఆడిటరువి కదరా. మళ్లీ వాళ్లేమైనా అంటే నీకు నామోషీ అని నేనే వద్దన్నాను. మీ నాయనమ్మ కూడా సరేనంది."

ఆంజనేయులు చొక్కా చేతులు పైకి మడిచాడు.

"నాయనమ్మా, గిన్నె పట్రా."

గిన్నె వచ్చింది. ఉంగరం వేలు ముంచి, ఒక్కో పుస్తకానికీ నాలుగు మూలలా పసుపు పెట్టాడు. మొదటి అక్షరం ఎప్పుడో పడిపోయింది, ఆలస్యమే. అయినా పెట్టాడు. కనకమ్మ పక్కన నిలబడి, ఒక మూల పల్చగా పడిందని ఇంకోసారి పెట్టించింది.

బంగళాలో అదే గుమాస్తా. జుట్టు నెరిసింది గానీ నోరు నెరవలేదు. కట్ట విప్పుతూనే ముఖం వెలిగిపోయింది.

"ఏవయ్యా కోదండరామయ్యా, ఈసారీ శుభలేఖలే తెచ్చావా?"

వరండాలో ఇద్దరు ముగ్గురు నవ్వారు. కోదండరామయ్య కూడా పాత అలవాటుగా నవ్వబోయాడు. ఆంజనేయులు తన కార్డు తీసి బల్ల మీద పెట్టాడు.

"లెక్కల పుస్తకాలేనండీ. వీటి తరఫున నేను మాట్లాడతాను. ఆఫీసరుగారికి చెప్పండి."

గుమాస్తా కార్డు చదివాడు. పేరు చివర ఉన్న అక్షరాలు ఇంకోసారి చదివాడు. లేచి గోడవారనున్న కుర్చీ తెచ్చి ఆంజనేయులు ముందు వేశాడు. ఆంజనేయులు దాన్ని తండ్రి వైపు జరిపాడు.

"కూర్చోండి నాన్నా."

"నేనెందుకురా? నువ్వు కూర్చో."

"ఇంకోటి వేస్తారు. మీరు కూర్చోండి."

గుమాస్తా ఇంకో కుర్చీ కోసం లోపలికి వెళ్లాడు. కోదండరామయ్య కుర్చీ అంచు మీద కూర్చున్నాడు. అటూ ఇటూ చూసి, కొడుకు చెవి దగ్గరికి వంగాడు.

"ఎంతసేపు కూర్చోవచ్చురా?"

"లెక్క అయ్యేదాకా నాన్నా."

కోదండరామయ్య వెనక్కి జరిగి, వీపు ఆన్చి కూర్చున్నాడు.